అర అక్షరం ముందు పడిన దెబ్బ

కరుణమ్మ పల్లవి తిరిగి ఎత్తుకోవాల్సిన చోటుకి తాళంలో అర అక్షరం ముందే మృదంగం మీద నా ముక్తాయింపు దెబ్బ పడింది. చెయ్యి జారి కాదు. కావాలని వేశాను.

ఈ మాట రాయడానికి నాకు పదకొండేళ్ళు పట్టింది. మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మంచిదేమో. ఎదురుగా మనిషి ఉంటే ఇప్పుడు కూడా ఏదో ఒకటి సర్దిచెప్పేవాణ్ణి.

అప్పట్లో నాకు స్థిరమైన కొలువు లేదు. ఎవరు పిలిస్తే వాళ్ళ దగ్గరికి మృదంగం భుజాన వేసుకుని పోయేవాణ్ణి. పెదకాకానిలో హరికథ అంటే అక్కడికి, మార్టూరులో నాటకమంటే అక్కడికి. ఎక్కడికి వెళ్ళినా నా చోటు పక్కనే. మధ్యలో కూర్చుని పాడాలని లోపల ఒకటే కోరిక. నా గొంతు ఫరవాలేదు. ఫరవాలేదు అన్నంత వరకే. అది నాకూ తెలుసు.

ఊరూరా తిరిగి పాడే బృందానికి ఒక గాత్రం కావాలని గుంటూరులో ఒక కళాసమితి ప్రకటించింది. ఉన్నది ఒక్క చోటు. పోటీకి వచ్చిన వాళ్ళందరికీ వాయించమని నన్నే పిలిచారు. నేనూ పోటీకి పేరిచ్చాను; నేను పాడేటప్పుడు ఇంకొకాయన వాయిస్తాడు. పోటీలో ఉన్నవాడే అందరికీ పక్కవాద్యం. అది తప్పని ఎవరికీ తోచలేదు. మా వృత్తిలో అలాంటివి మామూలే.

కరుణమ్మ ప్రత్తిపాడులో మిషన్ బడి పంతులమ్మ. చర్చిలో పాడి పాడి తేలిన గొంతు. పాటే బతుకు కావాలని ఆమె ఆశ. పోటీకి ముందు రెండు ఆదివారాలు ఆరాధన కాగానే బస్సెక్కి మా ఇంటికొచ్చి నా మృదంగంతో సాధన చేసింది. నిలుస్తుందో లేదో చూద్దామని తాళం లెక్కలు మెలిపెట్టి వాయించాను. తొణకలేదు. వెళ్తూ మా ఆవిడతో, "అన్నయ్యగారు పక్కనుంటే నాకు భయం లేదండీ" అంది.

పోటీ రోజు మిర్చి యార్డు నుంచి ఘాటు వస్తోందని హాలు కిటికీలన్నీ మూశారు. కరుణమ్మ తరవాత నా వంతు. ఆమె పాట సగానికి వచ్చేసరికి న్యాయనిర్ణేతలు కలాలు పక్కన పెట్టేశారు. ఇక రాయాల్సిందేమీ లేదన్నట్టు వింటున్నారు. అప్పుడు నా చేతుల్లోకి ఏదో వచ్చింది. ఏదో అంటున్నానేమిటి? అసూయ. దాని పేరు అదే.

నా దెబ్బను నమ్మి ఆమె పల్లవి ఎత్తుకుంది. కాసేపటికే ఆమె చేతి తాళం ఒక దారి, పాట ఒక దారి అయ్యాయి. ఆగిపోయింది. న్యాయనిర్ణేతల్లో తాళం వేస్తూ వింటున్న పెద్దాయన తలెత్తి నా వైపు చూశాడు. నేను ఆమె వైపు జాలిగా చూసి తల అడ్డంగా ఊపాను. ఆయన తన లెక్కే తప్పనుకుని సర్దుకున్నాడు. మృదంగం వాయించేవాడి లెక్కను ఎవరు శంకిస్తారు? దెబ్బ ఆవేశంలో పడిందనే అనుకుందాం. మరి తల ఊపడం?

బయట హార్మోనియం ఖాసిం బీడీ ముట్టించుకుంటూ, "ఏరా, ఇన్నేళ్ళలో నీ చెయ్యి జారటం ఇవాళే చూశా. ముహూర్తం బాగానే చూసుకున్నావే!" అన్నాడు. నేను నవ్వాను. వాడు నవ్వలేదు.

ఆ వెనకే కరుణమ్మ వచ్చింది.

"అన్నయ్యగారండీ, ఎక్కడ తప్పాను?"

"కంగారు పడ్డావమ్మా. మొదటిసారి కదా."

"కంగారేం పడలేదండీ. లెక్క సరిగానే ఉందనిపించింది."

"అలాగే అనిపిస్తుంది. తాళం లోపల్నుంచి రావాలమ్మా. కొందరికి రాదు."

"అంతేనేమోలెండి" అని చెప్పులేసుకుని బస్సుకి వెళ్ళిపోయింది.

ఆ చివరి మాట ఎందుకన్నాను? ఆమె పాట అప్పటికే ఆగిపోయింది, ఇక నాకు అడ్డు లేదు. అయినా అన్నాను. మళ్ళీ ఎప్పుడూ రాకూడదనే అన్నానని ఇప్పుడు అనిపిస్తోంది.

ఆ చోటు నాకొచ్చింది. మూడేళ్ళు ఊరూరా పాడాను. జనం మర్యాదగా విన్నారు. తరవాత సమితి కార్యదర్శిని చేశారు. ఎవరు పాడాలో, ఎవరు వాయించాలో నా సంతకంతో తేలేది. కరుణమ్మను పిలవడానికి కార్డు ముక్క చాలు. ఆ కార్డు రాయడానికి ఐదేళ్ళు పట్టింది. వార్షికోత్సవంలో పాడమని రాశాను. జవాబు వచ్చింది: "నాకు తాళం లేదు కదండీ. మా బడి పిల్లలకైనా వస్తుంది, మీరొచ్చి నేర్పండి."

రెండేళ్ళుగా శనివారం శనివారం వెళ్తున్నాను. నేను పిల్లలకు తాళం చెబుతుంటే ఆమె వెనక బల్ల మీద కూర్చుని ఒళ్ళో వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టుకుంటుంది. పిల్లలు తప్పుతారు. మధ్యమధ్య నేనూ తప్పుతున్నాను. ఆ వేళ్ళు ఇంతవరకు తప్పలేదు. తాళం ఆమెలోనే ఉందని ఆమెకు తప్ప ఆ గదిలో గోడలకు కూడా తెలుసు. పిల్లలు పాడమని పట్టుబడితే, "నాకు రాదర్రా, ఆయన్నడగండి" అని నన్ను చూపిస్తుంది.

నా చెయ్యి జారలేదని కనిపెట్టిన ఒక్క ఖాసిం నిరుడు పోయాడు. వాడు పోయాడని తెలిసినప్పుడు దుఃఖం కన్నా ముందు నాకు గుండె తేలికైంది. ఇదీ ఒప్పుకోవాల్సిందే. మీకు చెప్పాక లోపల ఏదో కదిలింది, అది ఆ తేలిక మాత్రం కాదు. బరువు తగ్గిందనీ అనను.

కరుణమ్మకు ఇంకా చెప్పలేదు. ఎల్లుండి శనివారం.