ఒంటి చెప్పు క్యాలెండరు

నా చిన్నప్పుడు పుంగనూరులో మేము అద్దెకుండిన ఇంటి పక్కనే ఒక ప్రెస్సు ఉండేది. పెళ్లిపత్రికలు, బిల్లు పుస్తకాలు అచ్చువేసే ఆ పెద్దాయనను వీధి పిల్లలందరం ప్రెస్సు తాత అనేవాళ్లం. ఏటా ఉగాదికి ఆయన ఒక క్యాలెండరు వేసేవాడు. పైన ఒక ఎగతాళి బొమ్మ, కింద నెలల కాగితాలు. బొమ్మను చెక్క మీద తనే ఉలితో చెక్కేవాడు. టమాటా రేటు ఇంకా పెరుగుతుందని ముందుగానే తోటలు కొని, మదనపల్లె మార్కెట్లో మునిగిపోయిన వాళ్ల మీద ఒక ఏడాది వేశాడు. అందులో ఒక ఆసామి టమాటాలను బీరువాలో పెట్టి తాళం వేస్తుంటాడు. బీరువా అడుగు నుంచి రసం కారుతుంటుంది. ఆ బొమ్మ చూసి చాలా రోజులు నవ్వుకున్నాను.

నేను ఎవరితోనూ మాట్లాడేదాన్ని కాదు. ప్రెస్సు తాత దగ్గర మాత్రం నోరు విప్పేదాన్ని. ఆయన చెక్క మీద నుంచి తల ఎత్తకుండానే వినేవాడు. ముఖంలోకి చూడని మనిషికి ఏదైనా చెప్పడం సులభం. పోయేటప్పుడు, కత్తిరించగా మిగిలిన తెల్ల కాగితాలు కట్టగట్టి ఇచ్చేవాడు. నా మొదటి డైరీ వాటి మీదే రాశాను.

మా నాయనకు కరెంటాఫీసులో ఉద్యోగం. కూలి చేసుకునే ఇంట్లో పుట్టి చదువుకుని ఆ కుర్చీలోకి వచ్చినవాడు. మదనపల్లెలో ఇంటి జాగా కొనాలని దాచినదంతా ఆ రోజుల్లో షేర్లలో పెట్టాడు. అవి పెరుగుతూనే ఉండేవి. పొద్దున ఆఫీసుకు పోయేముందు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, టీవీలో పచ్చవీ ఎర్రవీ అంకెలు ఎందుకు మారుతాయో చెప్పేవాడు. ఒకరోజు ఆయన ఎడమకాలికి చెప్పు తొడుక్కుని, రెండోది వెతుకుతూ టీవీ ముందు నిలబడిపోయాడు. ఆ రోజు షేర్లు బాగా ఎగిశాయి. అప్పటినుంచి రోజూ ఎడమకాలికి మాత్రమే చెప్పు తొడుక్కుని కుర్చీలో కూర్చునేవాడు. అమ్మ చూసి నవ్వేది, ఆయనా నవ్వేవాడు. అది మా ముగ్గురి నవ్వు.

దాన్ని ప్రెస్సు తాతకు చెప్పాను. ముద్దుగా అనిపించి చెప్పాను. ఎవరితోనూ అనొద్దని అడిగితే, ఉలి ఆపకుండానే "యాల చెప్తానమ్మా, ఎవురికీ చెప్పను" అన్నాడు.

చలికాలం రాకముందే షేర్లు కూలిపోయాయి. ఇంటి జాగా మాట మా ఇంట్లో ఇక వినిపించలేదు. నాయన చెప్పులు రెండూ గడప బయటే ఉండేవి.

ఉగాదికి కొత్త క్యాలెండరు వచ్చింది. టీవీలో ఒక ఎద్దు, షేర్లు పెరగడానికి గుర్తుగా వేసేది, కొండ ఎక్కుతోంది. ఎదురుగా ఒక మనిషి చేతులు జోడించి కూర్చున్నాడు. వెనక ఇంటి కప్పు కూలుతోంది, ఆయన చూడటం లేదు. విరిగిన కళ్లద్దాలకు నల్లదారం కట్టి ఉంది, అచ్చం మా నాయన కళ్లద్దాల్లాగే. ఎడమకాలికి చెప్పు ఉంది. కుడికాలు ఉత్తదే.

అది టీకొట్టులో, మందుల షాపులో, బస్టాండు సోడా బంకులో వేలాడింది. ఎవరైనా ఒకరు దారం గుర్తుపడితే చాలు. నాయనతో సైకిలు మీద పోతుంటే టీకొట్టాయన కేకేసి అడిగాడు. "సారూ, రొండు చెప్పులూ ఏసుకోని పోతాండారే, ఇంక మార్కెట్ యాడ ఎక్కుతాది?" అక్కడున్నవాళ్లంతా నవ్వారు. నాయన కూడా నవ్వాడు. ముందు కూర్చున్న నాకు, హ్యాండిల్ మీద బిగుసుకున్న ఆయన వేళ్లు కనబడ్డాయి.

ఆ సాయంత్రం ప్రెస్సుకు పోయి, అది మా నాయన అన్నాను. ప్రెస్సు తాత మొదటిసారి తల ఎత్తి నా ముఖంలోకి చూశాడు.

"నేను ఎవురికీ చెప్పలేదు గదమ్మా. గీసినానంతే. నువ్వు ఆ చెప్పు సంగతి చెప్పకుంటే బొమ్మకు ప్రాణం యాడిది?"

ఆయన నన్ను మెచ్చుకుంటున్నాడు. ఎప్పటిలాగే కాగితాల కట్ట అందించబోయాడు. నేను తీసుకోలేదు. మళ్లీ ఆ గడప తొక్కలేదు.

ఇంటికొచ్చేసరికి నాయన అదే క్యాలెండరును గోడకు తగిలిస్తున్నాడు. అమ్మ వద్దంటున్నా వినలేదు. ఊరంతా చూసేదాన్ని మనం మాత్రం చూడకుండా ఎన్నాళ్లుంటామన్నాడు. కాస్త వెనక్కి జరిగి బొమ్మను చాలాసేపు చూశాడు.

"ఎడమ కాలే గీసినాడు సూడమ్మా. బాగా గీసినాడు."

ఎవరు చెప్పారని అడగలేదు. అడుగుతాడని ఆ నెల కాగితం చించేదాకా ఎదురుచూశాను. అడిగితే ఏడ్చి చెప్పుకునేదాన్ని. కానీ ఆ తర్వాత టీవీ ముందు నన్ను పక్కన కూర్చోమని పిలవలేదు. నేను గదిలోకి వస్తే, అమ్మతో చెబుతున్న మాటను మధ్యలో ఆపేసేవాడు.

ఆ బొమ్మలో అబద్ధం లేదు. దాన్ని చూసి మా వీధిలో ఒకరిద్దరు జాగ్రత్తపడ్డారని కూడా విన్నాను. అది నిజమే అయినా, చెప్పనన్న మనిషి మాట తప్పాడన్నదీ నిజమే. ఈ రెంటిలో ఒకటి రెండోదాన్ని చెరిపేస్తుందేమోనని ఇన్నేళ్లూ చూశాను. చెరపలేదు.

ఇప్పుడు నాకూ ఉద్యోగం ఉంది. మార్కెట్ పడినప్పుడల్లా ఫోన్లలో ఎగతాళి బొమ్మలు వస్తాయి, ఆఫీసులో ఒకరికొకరు చూపించుకుని నవ్వుతారు. నాకు చూపించినప్పుడు నేను ముందు ఆ మనిషి కాళ్ల వైపు చూస్తాను. అక్కడేదైనా ఒక చిన్న సంగతి, ఇంట్లోవాళ్లకు తప్ప ఇంకెవరికీ తెలియనిది కనబడితే, ఫోన్ తిరిగి ఇచ్చేస్తాను. ఎక్కడో ఒక పిల్ల ఎవరినో నమ్మి దాన్ని చెప్పి ఉంటుంది.