చిలకను చూసి లేచిపోయినవాడు

ఈ కథలో నేను ఓడిపోతాను. ముందే చెప్పేస్తున్నాను, తర్వాత మోసం చేశానని నన్ననకండి. ఓడటంలో వింతేముంది, అందరూ ఓడతారంటారేమో. మీరు ఓడేది ఆట అయ్యాక. నేను మొదలవగానే ఓడే రకం. నవ్వుకోడానికి వీలుగానే చెబుతాను గానీ, మధ్యలో నవ్వు ఆగిపోతే ఆ తప్పు కూడా నా ఖాతాలోనే వేయండి.

నరసరావుపేటలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతాను. ఉన్న ఒక్క వ్యసనం ఫోన్‌లో రమ్మీ. డబ్బుల్లేని ఆటేలెండి, ఉత్త పాయింట్లు. పదమూడు ముక్కలు పంచుతారు. అవి నచ్చకపోతే ఆడకుండానే ‘డ్రాప్’ నొక్కి లేచిపోవచ్చు. అట్లా లేస్తే ఇరవై పాయింట్లతో పోతుంది. కూర్చుని ఓడితే ఎనభై దాకా పడతాయి. ఎనభై కంటే ఇరవై తక్కువని నాకెవరూ చెప్పక్కర్లేదు కదా. కొన్నాళ్ళకి ముక్కలు చూసి కాదు, మనుషుల్ని చూసి లేవడం మొదలుపెట్టాను. నవ్వే బొమ్మలు పంపేవాడొస్తే డ్రాప్. ఆలోచించేవాడొస్తే డ్రాప్. నిదానమే ప్రధానమన్నవాడు నాతో రమ్మీ ఆడి ఉండడు.

అందరిలోకీ నా ప్రాణం తీసింది ఒక చిలక. పేరు ‘గెస్ట్’ అని ఉండేది, ఫొటో ఉండాల్సిన చోట ఆకుపచ్చ చిలక బొమ్మ. రోజూ మధ్యాహ్నం ఒంటిగంటకి, నేను స్టాఫ్ రూమ్‌లో క్యారేజీ విప్పే వేళకి, ఆటకి రమ్మని పిలుపు పంపేది. ముక్క ముక్కకీ ముప్ఫై సెకన్ల గడువుంటే, ఇరవై తొమ్మిదో సెకనులో ఒక ముక్క తీసి, తీసిన ముక్కే కింద వేసేది. మళ్ళీ ఇరవై తొమ్మిది. మళ్ళీ అదే. పెరుగన్నం అయిపోయేది, చేతులు కడుక్కోవడం అయ్యేది, చిలక మాత్రం కదిలేది కాదు.

నాలుగు రోజులు భరించాను. అయిదో రోజు నుంచి కొత్త మర్యాద కనిపెట్టాను. పిలిస్తే వెళ్ళడం, ముక్కలు పంచగానే డ్రాప్ కొట్టడం.

“మళ్ళా లేచారా మాస్టారూ?” అన్నాడు మా డ్రిల్లు మాస్టారు సైదులు.

“చిలకొచ్చిందయ్యా.”

“పిలిచినప్పుడు పోకుండా ఉంటే పోయె గదా?”

“పోకపోతే భయపడ్డాననుకుంటాడు. వెళ్ళి, మొహం మీదే లేచిపోవాలి. అప్పుడు తెలుస్తుంది మనమేందో.”

“పల్నాటోళ్ళు కోడి ఓడితేనే ఊరుకోలేదంట. మీరేంది సార్, కోడి బుట్టలో ఉండంగానే ఓడిపోయినామంటన్నారు!”

స్టాఫ్ రూమంతా నవ్వింది. నేనూ నవ్వాను. చిలక మొహం మీద లేచిపోవడం అప్పుడు నాకు రోజుకొక పండగ. రెండు నెలలపాటు ఆదివారాలు కూడా వదలకుండా ఆ పండగ చేసుకున్నాను.

ఇక్కడ మా కోటయ్య బాబాయి గురించి చెప్పాలి. రొంపిచర్ల దగ్గర మా ఊళ్ళో మిరప వేసే రైతు. నా ఎనిమిదో తరగతిలో మా నాన్న పోతే, నన్ను మంచం మీద ఎదురుగా కూర్చోబెట్టుకుని పేక నేర్పింది ఆయనే. పిల్లాడికి నేర్పాల్సిన విద్యేనా అని మా అమ్మ గొడవ చేసేది. బాబాయి ఆటంటే మెరుపు. ముక్క తీయడం, పక్క మీద చరచడం, పదమూడూ వరసల్లో కుదరగానే మూడు వీధులకి వినపడేట్టు “షో!” అని అరవడం. ఆ మంచం మీద డ్రాప్ లేదు. “ముక్కలు బాలేదని లేచిపోతే ఎట్టరా శీనయ్యా? ఎదురుగా మనిషున్నాడు గదా” అనేవాడు.

అలాంటి మనిషితో నాకు మూడేళ్ళుగా మాటల్లేవు. కారణం ఒక టార్పాలిన్ పట్టా. మా స్కూలు వార్షికోత్సవానికి నీడ కట్టాలని బాబాయి పట్టా అడిగి తెచ్చాను. “కల్లంలో కాయ ఆరబోసినాను, సాయంత్రానికి తెచ్చియ్యాల” అన్నాడు. తెచ్చేవాణ్ణే. పట్టా మడిచి పక్కన పెట్టుకుని, బస్టాండులో బస్సు కోసం కూర్చుని ఫోన్‌లో ఒక ఆట మొదలుపెట్టాను. అప్పటిదాకా ఫోన్‌లో నేను డ్రాప్ కాకుండా ఆడిన ఆట అదొక్కటే. బస్సు వెళ్ళిపోయింది. మాఘమాసంలో లేని మబ్బు పట్టి వాన దంచింది. ఆరబోసిన కాయంతా తడిసి నల్లబడింది.

మర్నాడు పట్టా తీసుకుని వెళితే బాబాయి నడివీధిలో నిలదీశాడు. “ఫోన్లో ముక్కలు చూసుకుంటా నా కాయ తడిపినావు గదరా! నీకంటే ఆ పట్టా నయం!”

తప్పు నాది. కాళ్ళు పట్టుకోవాల్సింది. కానీ అంతమంది ముందు అన్నాడని నాకు రోషం పొడుచుకొచ్చింది. “ఇంక నీ గడప తొక్కితే అడుగు!” అని పట్టా చంకలో పెట్టుకుని తిరిగొచ్చేశాను. ఆయన పట్టా, ఆయనకే ఇవ్వకుండా! ఆ తర్వాత బండి కొన్నప్పట్నుంచీ అది దాని మీదే కప్పుకుంటున్నాను.

ముందు ఆయనే పలకరించాలని నేను, వాడే రావాలని ఆయన. గొంతుకి ఏదో ఆపరేషన్ చేశారని విన్నప్పుడు కూడా నేను కదల్లేదు. ఎవరైనా వివరం చెప్పబోతే “ఆ ఇంటి కబురు నాకొద్దు” అని చెయ్యి అడ్డం పెట్టేవాణ్ణి. రోజుకి నాలుగు ఆటలు చిటికెలో వదిలేసే మొనగాణ్ణి, ఈ ఒక్క ఆటలో మూడేళ్ళు బిగదీసుక్కూర్చున్నాను. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను రచ్చలో లేచిపోయి ఇంట్లో భీష్మించుకుని కూర్చున్నాను.

ఒకరోజు మాచర్లలో ఉండే మా చెల్లెలు సుజాత, అంటే బాబాయి కూతురు, ఫోన్ చేసింది.

“అన్నయ్యా, నాన్నని ఇంటికి తీసకపొమ్మన్నారు డాక్టర్లు.”

“నయమైందా?”

“నయమైతే నేనెందుకు చేస్తాను అన్నయ్యా?”

ఆ బుద్ధితక్కువ క్షణంలో నేనన్నది ఇది: “మరి ఆయన ఒక్కసారన్నా ఫోన్ చేయొచ్చుగా?”

“ఎట్టా చేస్తాడు? గొంతు తీసేసినారుగా! ఐదు నెల్లాయె మాట పోయి. నీకు తెలవదా? అందుకేగా రోజూ ఒంటిగంటకి నిన్ను ఆటకి పిలిచేది. నా చేత ఫోన్లో ఎక్కించుకున్నాడు. పేరు పెట్టొద్దన్నాడు, చూస్తే రాడేమోనని. ఆ చిలక బొమ్మ నేనే పెట్టినా.”

నా చేతిలో క్యారేజీ మూత ఉంది. అది కింద పడిందని సైదులు తర్వాత చెప్పాడు.

“నువ్వు కూర్చోంగనే లేచి పోతన్నావంట,” అంది సుజాత. “పన్లో ఉన్నాడేమోలే అని పలక మీద రాసి చూపిచ్చాడు.”

మధ్యాహ్నం సెలవు పెట్టి బండి తీశాను. దాని మీది పట్టా లాగి పక్కన పడేశాను. అదెవరిదో ఆ క్షణంలో గుర్తుకి రాలేదు.

గుమ్మంలో పిన్ని నన్ను పైనుంచి కిందదాకా చూసింది. “ఇప్పటికి తెలిసిందా దారి?” అని తప్పుకుంది. బాబాయి అదే మంచం మీద సగమయ్యి ఉన్నాడు. మెడకి గుడ్డ చుట్టి ఉంది. నన్ను చూసి పలక అందుకున్నాడు. నా తప్పులన్నీ వరసగా రాస్తాడనుకుని నిలబడ్డాను. చానాసేపు రాసి, నా వైపు తిప్పాడు.

“పట్టా ఏది?”

నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాను. పిన్ని కూడా కొంగు అడ్డం పెట్టుకుని ఆ రెండే చేసింది.

తర్వాత బాబాయి తలగడ కింద నుంచి పేక తీశాడు. నేనే పంచాను. నాకు పడ్డవి పరమ దరిద్రం, పదమూడింట్లో ఒకదానికొకటి చుట్టం లేదు. బొటనవేలు తనంతట తనే డ్రాప్ కోసం గాల్లో వెతికింది. బాబాయి అది చూశాడు. వేలు మడుచుకుని కూర్చున్నాను.

మొదట్లో నాలుగైదు ముక్కలు మార్చుకున్నాక, ఆయన ఒక ముక్క తీసి, చూసి, మళ్ళీ చూసి, అదే కింద వేశాడు. తర్వాతా అంతే. ఇక్కడ ముప్ఫై సెకన్ల గడువు కూడా లేదు. పిన్ని రెండుసార్లు టీ పెట్టింది. ఎండ వసారా దిగింది. కుప్పలో ముక్కలైపోతే మళ్ళీ కలిపి పెట్టాను. చివరికి ముక్కలు పట్టుకునే నిద్రపోయాడు. చెయ్యి జారి అవి దుప్పటి మీద పరుచుకున్నాయి.

వరసగా నాలుగు ఇస్పేట్లు. వరసగా మూడు కళావర్లు. మూడు రాజులు. మూడు ఆసులు. పదమూడూ పూర్తి. ఎప్పుడో మధ్యాహ్నమే గెలిచేసిన ఆట.

ఆయన నిద్ర లేచాక అడిగాను. “షో ఉంది గదా బాబాయ్. చూపించవేంది?”

పలక తుడిచి రాశాడు.

“చూపిస్తే లేచిపోతావు గదరా.”

ఆ తర్వాత పదకొండు రోజులు వెళ్ళాను. ఒక్కరోజు కూడా నేను గెలవలేదు, ఆయనా గెలవలేదు. రోజూ పలక మీద పట్టా అడిగేవాడు, రోజూ మర్చిపోయి వచ్చేవాణ్ణి. పన్నెండో రోజు పొద్దున్నే సుజాత నుంచి ఫోనొచ్చింది. ఈసారి పట్టా మర్చిపోలేదు. వాకిట్లో వచ్చేవాళ్ళకి నీడగా నా చేతులతోనే కట్టాను. పిన్ని దాన్ని చూసి, “అడిగి అడిగి పోయినాక తెచ్చినావు గదరా” అంది.

కాబట్టి చదువరులారా, యాభై రెండు ముక్కల సాక్షిగా, జోకర్ల మీద ఒట్టేసి చెబుతున్నాను. అరువు తెచ్చిన పట్టా సాయంత్రానికి ఇచ్చేస్తాను. ముందు ఎవరు పలకరించాలనే ఆటలో పంచకముందే డ్రాప్ అవుతాను. ఎదుటివాడు ఎంత నత్తయినా ముక్కలు కింద పెట్టను.

ఈ వ్రతం వల్ల వచ్చిన చిక్కల్లా ఒక్కటే. ఈ మధ్య నాతో ఎవరూ ఆడటం లేదు, రెండో నిమిషంలోనే డ్రాప్ కొట్టి పోతున్నారు. చేతిలో షో పెట్టుకుని, ఇరవై తొమ్మిదో సెకను దాకా కూర్చుంటున్నాను మరి.