మిరప కాటా మీద మా అత్తగారు

మా అత్తగారి కాళ్ళకు నీరు దిగిన ఏడాది మాకు మిరప విరగపండింది. కల్లం నిండా కాయ ఆరబోసి ఉండేది. ఆ ఘాటుకు మామూలు మనుషులకే గొంతు మండి నీళ్ళ మీదికి మనసు పోయేది. అలాంటి రోజుల్లో ఆవిడ దాహాన్ని కట్టడి చేసే పని నా చేతికి వచ్చింది. నిజం చెబుతాను, నాకేం కష్టమనిపించలేదు.

ఎందుకో చెప్పాలంటే నా తొలికాన్పు సంగతి చెప్పాలి. నాకు తల్లి లేదు కాబట్టి అత్తగారింట్లోనే కన్నాను. నడివేసవి. సత్తెనపల్లి వైపు ఎండ ఎలా ఉంటుందో కొత్తగా చెప్పక్కర్లేదు. బాలింత నీళ్ళు తాగితే ఒళ్ళు ఉబ్బుతుందని ఆవిడ నా గది గుమ్మానికి అడ్డంగా మంచం వేసుకుని కూర్చుంది. వెల్లుల్లి కారంతో నాలుగు ముద్దలు పెట్టి, అవి గొంతు దిగడానికి గిద్దెడు కాచిన నీళ్ళు పోసేది. అంతే. నాలుక పిడచగట్టుకుపోయి ఏడిస్తే, ఏడ్చే ఓపిక ఉందిగా, చావవులే అనేది. పసివాడికి పోసే స్నానం నీళ్ళ వంక చూసి గుటకలు మింగాను. అలాంటివి మరిచిపోయే రకాన్ని కాను.

ఆవిడకు ముందు పాదాలు వాచాయి, తర్వాత మోకాళ్ళ దాకా వాచింది. వేలితో నొక్కితే సొట్ట పడి అలాగే ఉండిపోయేది. పడుకుంటే ఊపిరాడక గోడకు ఆనుకుని కూర్చునే కునుకు తీసేది. మా ఆయన గుంటూరు తీసుకెళ్ళి పెద్ద డాక్టరుకు చూపించాడు. నేనూ వెళ్ళాను. గుండె నీరసపడింది, మూత్రపిండాలూ చెడ్డాయి, తాగిన నీరు బయటికి పోలేక ఒంట్లోనే నిలిచిపోతోంది, అది ఊపిరితిత్తుల్లో నిండితే మనిషి దక్కదు అని ఆ డాక్టరు విడమరిచి చెప్పాడు. కూరల్లో ఉప్పు మానాలి. కాఫీ, మజ్జిగ, మందు మింగే గుక్క, అన్నీ కలిపి రోజుకు ఒక్క మానికెడే. వారానికోసారి కాంపౌండరు చేత నీరు లాగే సూది వేయించాలి. పొద్దున్నే బరువు చూడాలి, బరువు పెరిగితే నీరు పెరిగినట్టే, వెంటనే తీసుకురావాలి. ఇదంతా ఎవరు చూసుకుంటారని అడిగాడు. నేను చూసుకుంటానన్నాను. మా అత్తగారు నా మొహంలోకి చూసి కొడుకు చెయ్యి గట్టిగా పట్టుకుంది.

బరువు చూడటానికి మా ఊళ్ళో ఏముంటుంది? పత్తీ మిరపా తూచే కాటా ఉంది, మా పశువుల చావిడి దూలానికి వేలాడుతూ. ఒక పలక మీద గోనెపట్టా పరిచి ఆవిడను కూర్చోబెట్టేదాన్ని. రెండో పలక మీద మణుగు రాళ్ళు, వీశె రాళ్ళు పేర్చేదాన్ని. కాయలు ఏరడానికి వచ్చిన కూలి ఆడవాళ్ళు పని ఆపి మరీ చూసేవాళ్ళు. ఒంట్లో బాగున్న రోజుల్లో, వాళ్ళకు దాహమేస్తే మా అత్తగారు గడప దిగకుండా ఎత్తు నుంచి దోసిట్లోకి నీళ్ళు వంపేది, సగం నేలపాలయ్యేవి. వాళ్ళలో ఒకామె నన్నడిగింది, "మంచికాయా, తాలుకాయా అమ్మా?" అందరూ నవ్వారు. ఆవిడ పైట మొహం మీదికి లాక్కుంది. నేనూ నవ్వాను.

బిందెలు వంటింట్లో పెట్టి తాళం వేసి, చెవి బొడ్లో దోపుకున్నాను. రోజుకు సరిపడా నీళ్ళు పొద్దున్నే కొలిచి చెంబులో పోసి ఆవిడ ఎదుట పెట్టేదాన్ని. మధ్యాహ్నానికే చెంబు ఖాళీ. ఆ తర్వాత ఎంత మొత్తుకున్నా చుక్క ఇవ్వలేదు.

"గుక్కెడు పొయ్యవే, నీ కాళ్ళు పట్టుకుంటా" అంది ఒకరోజు.

"ఏడ్చే ఓపిక ఉందిగా అత్తయ్యా" అన్నాను.

ఆవిడకు గుర్తొచ్చింది. ఆ తర్వాత నన్ను అడగలేదు. వచ్చేపోయేవాళ్ళకు నాలుక చాపి చూపించేది.

అయితేనేం, నెల తిరక్కుండా వాపు దిగింది. కాటా మీద రాళ్ళు ఒక్కో వీశె తీసేస్తూ వచ్చాను. ఆవిడ హాయిగా వెల్లకిలా పడుకుని నిద్రపోయింది. ఆవిడను బతికించింది నేనే. ప్రేమతో కాదు. ఆవిడ ఇంకా చాలా ఏళ్ళు బతకాలి, రోజూ నా చేతిలో చెంబు వంక చూడాలి. అదీ నా కోరిక.

అప్పుడు దిగింది మా ఆడపడుచు, మా ఆయన అక్క, దాచేపల్లి నుంచి. తల్లి నాలుక చూసి గుండెలు బాదుకుంది. నీళ్ళు తాగకపోతే ఒంట్లో నీళ్ళు ఎలా పోతాయి, సూదులన్నీ వేడి చేశాయి, చలవ చెయ్యాలి అంది. ఊరంతా ఔనంది. బార్లీ నీళ్ళు, సబ్జా నీళ్ళు, కొబ్బరి బోండాలు, ఉప్పేసిన మజ్జిగ వరసకట్టాయి. డాక్టరు మాట చెప్పి నేను అరిచాను. పగతో మాట్లాడుతున్నావని మా ఆయన నా బొడ్లో తాళంచెవి లాక్కుని అక్క చేతిలో పెట్టాడు.

"పగ ఉంది, లేదనను. లెక్క మాత్రం తప్పు కాదు" అన్నాను. ఎవరూ వినలేదు. మా అమ్మేమన్నా మిరప బస్తానా అని ఆడపడుచు కాటా ఎక్కించడం కూడా మానిపించింది.

మా అత్తగారు నన్ను ఎదురుగా నిలబెట్టుకుని మరీ తాగింది. చెంబు అంచు మీదుగా నన్నే చూస్తూ తాగింది. వారం తిరక్కుండా వాపు తొడలెక్కింది, పొట్టకెక్కింది. రొమ్ములో గురగురమంది, నోటి వెంట నురగ వచ్చింది. గుంటూరు తీసుకెళ్దామని మా ఆయన బండి కట్టించేసరికే ఎగశ్వాస పట్టింది. పోయే ముందు చూపు నా మీద నిలిపి, "చూశావా, నా కూతురు కడుపునిండా పోసింది" అంది. అదే ఆఖరి మాట.

శవం దగ్గర ఆడపడుచు వచ్చినవాళ్ళందరికీ ఒకటే చెప్పింది, మా అమ్మను దాహానికి ఎండబెట్టి చంపిందని. అందరూ నా వంక అదోలా చూశారు. పాడె ఎత్తారు. ముందు పట్టినవాడి మోకాళ్ళు వంగాయి.

"ఎండిపోయిందన్నారుగా, ఇంత బరువుందేందిరా" అన్నాడు.

కల్లం దాటేలోపే భుజాలు మార్చుకుని, ఇంకో ఇద్దర్ని పిలిచారు. నాకు ఏడుపు ఆగలేదు. ఆవిడ కోసం కాదు. నేను దించిన ప్రతి వీశె మళ్ళీ ఆవిడ మీదికి ఎక్కించి పంపిస్తున్నారని.