అక్టోబరులో చల్లిన యూరియా

మా పెద్దబావ పోయాడన్న కబురు మంగళవారం మధ్యాహ్నం వచ్చింది. చిల్లకల్లు దగ్గర హైవే పక్కనున్న నా నర్సరీలో మల్లె అంట్లకు నీళ్లు పెడుతున్నాను. అక్క ఫోను చేసింది. "మీ బావ ఇక లేర్రా. అన్నం ముందు కూర్చుని అలాగే పక్కకి ఒరిగిపోయారు" అంది. వస్తున్నా అన్నాను. ఫోను జేబులో పెట్టుకుని, మిగిలిన వరస మొత్తం తడిపి, అప్పుడు కుళాయి కట్టేశాను. ఆయనంటే ప్రేమ లేక కాదు. పదకొండేళ్లుగా ఆయన నోటి నుంచి ఒక్క మాట కోసం ఎదురుచూస్తున్నాను. ఇక అది రాదని అర్థం కావడానికి ఆ వరస తడిపేంత సేపు పట్టింది.

ఆయనది చందర్లపాడు. మిర్చి, పత్తి పండించే ఇంట్లో పుట్టాడు. కుర్రతనంలో మిలటరీలో చేరతానని ఉత్తరాదికి వెళ్లి, ఎత్తు చాలక, తిరిగి రావడానికి మొహం చెల్లక అక్కడే ఉండిపోయాడట. హిమాచల్ కొండల్లో ఒక పెద్ద హోటల్లో తోటపనికి కుదిరి, చివరికి హెడ్ మాలీ అయ్యాడు. హోటలు వెనకాలే రెండు గదుల క్వార్టరు. అక్కా, ఇద్దరు ఆడపిల్లలూ అక్కడే ఉండేవారు. నందిగామలో ఎరువుల కొట్లో చేస్తున్న నన్ను ఇరవై ఆరో ఏట తన దగ్గరికి తీసుకెళ్లాడు.

హోటలు ముందున్న లాన్ చూసి మొదటిరోజు నేను చాలా తేలిగ్గా మాట్లాడాను. గడ్డే కదా, మన చేల గట్ల మీద పీకినా చావదు అన్నాను. బావ నవ్వలేదు. "మన గరిక ఇక్కడ తెచ్చి నాటానొకసారి. తొలి మంచుకే వరిగడ్డి అయిపోయింది. ఇది వేరే జాతి. దీనికి ఎండంటే భయం, చలంటే ఇష్టం. కానీ చలి వచ్చేలోపు వేరు దిగాలి" అన్నాడు.

ఆగస్టు చివర్లో, వానలు సన్నబడ్డాక, విత్తనం చల్లించాడు. ఇసుకలో కలిపి, ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా. నీళ్లు పెట్టేముందు బూటు విప్పి, అరికాలు నేలకి ఆనించి చూసేవాడు. కోత మిషను బ్లేడు తనే సానపట్టి, పాత న్యూస్‌పేపరు మీద ఆనించేవాడు. కాగితం చప్పుడు లేకుండా తెగితేనే మిషను బయటికి తీయనిచ్చేవాడు. "మొద్దు బ్లేడు గడ్డిని కొయ్యదు, చింపుతుంది. చింపితే ఆ కొసలు ఎర్రబడతయి" అనేవాడు. రాలిన ఆకు ఒక్కటి కూడా మంచుకి ముందు లాన్ మీద ఉండకూడదు. ఉంటే దాని కింద గడ్డి కుళ్లుతుంది. రోజుకి రెండుసార్లు ఆకులు ఏరేవాళ్లం.

మంచు పడ్డాక మూడు నెలలు పని ఉండేది కాదు. తెల్లగా పరుచుకున్న మంచు కింద గడ్డి బతికే ఉందని నాకు నమ్మకం కలిగేది కాదు. మార్చిలో మంచు కరిగాక చూస్తే, తలంటుకున్న జుట్టులా గడ్డి నేలకి అతుక్కుని ఉండేది. బావ మోకాళ్ల మీద కూర్చుని వేళ్లతో దాన్ని మెల్లగా లేపేవాడు. నన్నూ పక్కన కూర్చోబెట్టుకునేవాడు. వేళ్లు కొంకర్లు పోతుంటే నా చేతులు లాక్కుని తన చంకలో పెట్టుకునేవాడు. కన్నతండ్రి కూడా నాకు పని అంత ఓపికగా నేర్పలేదు.

మూడో ఏడు అక్టోబరులో మేనేజరు వచ్చి, నవంబరు రెండో వారంలో పెద్దవాళ్ల పెళ్లి ఉంది, లాన్ పాలిపోయింది, పచ్చగా కనపడాలి అన్నాడు. మర్నాడు పొద్దున బావ స్టోరు నుంచి యూరియా తెచ్చి చల్లుతున్నాడు.

"బావా, ఇప్పుడు యూరియానా? చలి ముందు వెయ్యొద్దని నువ్వే చెప్పావుగా."

"పెళ్లి దాకా పచ్చగుంటే చాలు. మంచు లేటుగా పడిద్దిలే. ఎవరితో అనమాక."

లాన్ పచ్చబడింది. పెళ్లికొచ్చిన వాళ్లు దాని మీద నిలబడి ఫోటోలు దిగారు. మేనేజరు బావ భుజం తట్టాడు. ఆ తర్వాత వారానికే మంచు పడింది. యూరియాకి వచ్చిన లేత చిగురు దాని కింద ఇరుక్కుపోయింది.

మార్చిలో మంచు తొలగితే లాన్ నిండా పళ్లేలంత మచ్చలు. బూడిదరంగు బూజు, సాలెగూడులా. వేళ్లతో లేపబోతే గడ్డి ముద్దగా ఊడి వచ్చింది. సగానికి పైగా చచ్చిపోయింది. మేనేజరు మా ఇద్దరినీ ఆఫీసుకి పిలిచాడు. నేను బావ వెనక నిలబడ్డాను. ఆయన ఏదో ఒకటి చెప్పి గట్టెక్కిస్తాడని ధైర్యంగానే ఉన్నాను. ఆయన హిందీలో, నెమ్మదిగా చెప్పాడు. "మా బావమరిది తెలియక యూరియా వేశాడు సార్. ఎరువుల కొట్లో చేసినవాడు కదా, తనకే తెలుసనుకున్నాడు."

నేను ఆయన మొహం వైపే చూశాను. ఆయన నా వైపు తిరగలేదు. ఆ పూటే నన్ను పనిలోంచి తీసేశారు.

క్వార్టర్లో అక్క నన్ను తిట్టింది. "ఆయన చెప్పింది చెప్పినట్టు చేస్తే నీ సొమ్మేం పోయిందిరా" అంది. బావ గుమ్మంలో తలొంచుకుని నిలబడ్డాడు. నేను బట్టలు సర్దుకున్నాను. నా బ్యాగు తనే మోసుకుంటూ బస్టాండు దాకా వచ్చాడు. అక్కడ అన్నాడు, "నీకింకా పెళ్లాం పిల్లల్లేరు. ఎక్కడైనా బతుకుతావు. నా క్వార్టరు పోతే వీళ్లెక్కడుంటార్రా? ఏడాది తిరిగేలోపు నేనే అందరికీ నిజం చెప్తా. మాటిస్తున్నా."

నమ్మాను. ఏడాది తిరిగింది. ఇంకో రెండేళ్లు తిరిగాయి. ఇక్కడికొచ్చి ఈ నర్సరీ పెట్టుకున్నాను. నాకు పెళ్లయింది. పాప పుట్టువెంట్రుకలకి వేదాద్రి వెళ్లినప్పుడు ఆయన సెలవు పెట్టి వచ్చాడు. భోజనాల దగ్గర, మా మావగారి వైపు చుట్టాలందరి ముందూ, "మావాడికి యూరియా బస్తా మాత్రం చూపించకండి. పెద్ద హోటలు లాన్‌ని ఒక్క పూటలో ముంచాడు" అన్నాడు. అందరూ నవ్వారు. ఆయనా కడుపారా నవ్వాడు. ఆ నవ్వులో ఎక్కడా తడబాటు లేదు. అబద్ధం చెప్పిన రోజు కంటే ఆ రోజు నాకు ఎక్కువ నొప్పి పుట్టింది. చెప్పీ చెప్పీ ఆయన దాన్ని నమ్మేశాడు. ఆ నెలలోనే జగ్గయ్యపేటలో ఒక ఫంక్షన్ హాలు లాన్ పని చేతిదాకా వచ్చి పోయింది. "యూరియా సంగతి మీ బావగారే చెప్పారటగా" అన్నారు హాలువాళ్లు.

అయినా నేను తినే అన్నం ఆయన నేర్పిన పనిదే. ఇవాళ కూడా బ్లేడు పదును కాగితం మీద చూడనిదే మిషను తీయను.

రెండేళ్ల క్రితం ఆయన రిటైరై జగ్గయ్యపేటలో ఇల్లు తీసుకున్నాడు. ఒకసారి నర్సరీకి వచ్చాడు. అమ్మకానికి పెంచిన గడ్డి చాపని ఒక మూల ఎత్తి, కింద చూసి, "వేరు బాగా దిగిందిరా" అన్నాడు. టీ తెప్పించాను. చెబుతాడేమోనని ఎదురుగా కూర్చున్నాను. గ్లాసు కింద పెట్టి, మోకాళ్లు నొక్కుకుని, "ఎండ ముదరకముందే పోతా" అని లేచాడు.

పెద్దకర్మ అయిన మర్నాడు అక్క డాబా మీద బక్కెట్లో బట్టలు జాడిస్తుంటే వెళ్లాను. పేపరువాళ్లకి పంపడానికి ఆయన గురించి నాలుగు మాటలు రాసిపెట్టమంది.

"అక్కా, ఆ యూరియా వేసింది నేను కాదు."

ఆమె బక్కెట్ మీంచి తల ఎత్తలేదు. "తెలుసురా."

"ఆయన చెప్పారా?"

"చెప్పలా. అక్టోబరులోనే చూశా, ఆయన ప్యాంటు జేబుల్లో యూరియా గుళికలు. ఉతికేది నేనేగా."

"మరి నన్నెందుకు తిట్టావు?"

"నిన్ను తిట్టకపోతే ఆయన్ని తిట్టాలి. నేనొక్క మాటన్నా అంటే ఆయన అప్పటికప్పుడు పోయి మేనేజరు దగ్గర నిజం చెప్పేసేవాడు. పెద్దదానికి పదో తరగతి పరీక్షలు మొదలైనయి. క్వార్టరు ఖాళీ చెయ్యమంటే ఎక్కడికి పోను?" చేతిలో బట్ట పిండుతూ అంది, "రాసేదేదో నిజమే రాయి. మంచోడని ఎటూ నలుగురూ అంటానే ఉన్నారు."

పదకొండేళ్లు ఒక్కడి మీదే పెట్టుకున్న కోపం ఇప్పుడు ఇద్దరికీ పంచాలి. వాళ్లిద్దరే నాకు అన్నం పెట్టినవాళ్లు. మెట్లు దిగి వచ్చేశాను.

బండి తీస్తూ ఒకసారి పైకి చూశాను. మే నెల ఎండ. రోడ్డు మీద మనిషి లేడు. డాబా మీద తాడుకి అక్క ఆయన ఉన్ని బట్టలన్నీ ఆరేస్తోంది. లావుపాటి స్వెటర్లు, చెవులు మూసే టోపీలు, మోకాళ్ల దగ్గర అరిగిన రెండు ప్యాంట్లు. చివర్న చేతి తొడుగుల జతలు, వేళ్లు కిందికి వేలాడుతూ. ఒక్కో వేలి కొస నుంచీ నీళ్లు బొట్లుబొట్లుగా కారుతున్నాయి. కింద ఎండకి కాలుతున్న పిట్టగోడ మీద పడ్డ బొట్టు పడ్డట్టే ఇగిరిపోతోంది.