మా అన్న మళ్లీ చెక్కలు పట్టిన సాయంత్రం

మొన్న మైదుకూరులో ఒక బారు ముందర బోర్డు కనబడితే నిలబడి చదివాను. అక్షరాలు ముసలితనంలో నేర్చుకున్నదాన్ని, బోర్డు కనబడితే వదలను. ఆ సాయంత్రం లోపల జానపదం పాడతారట. వాకిట్లోనే నిలబడి కాసేపు విన్నాను. పాడే అమ్మాయి గొంతు బాగానే ఉంది. తినేవాళ్లు తింటున్నారు, ఒక్కరూ వంత అందుకోలేదు. నాకు నచ్చలేదు.

మా ఊళ్లో పాట కల్లంగడిలోనే ఉండేది. ఆడదానికి అక్కడేం పని అంటారేమో, నేను అంగడి ముందర అలసంద గుగ్గిళ్లు అమ్మేదాన్ని. పులిసిన కల్లు, ఉడికిన అలసందల ఆవిరి, చెక్కభజన వాళ్ల చెమట, అన్నీ కలిసి ఒకటే వాసన. మా అన్న ఆ జట్టుకు గురువు. ఎర్రగుంట్లలో సిమెంటు మూటలు మోసి వచ్చి, కనుబొమల మీద ఆ పొడి అట్లే ఉండగానే చరణం ఎత్తేవాడు. ఆయన పాడింది పాడినట్టు, చెక్కలు కొడుతూ ఎనిమిది మంది తిరిగి పాడాలి. సొంత తెలివి చూపిస్తే కాలి మీద తన్నేవాడు. వదిన పోయాక తన చెక్కలు చూరులో దోపేశాడు. మాటా తగ్గింది. అన్నం ముందర కూర్చుంటే ఎంతసేపటికీ చెయ్యి కదిలేది కాదు. పాట పోతే మనిషీ పోతాడని నా భయం.

సంవత్సరీకం అయిన మర్నాడు నేనే ఆ చెక్కలు కొంగులో చుట్టుకుని, అన్నను వెంటబెట్టుకుని అంగడికి పోయాను. కల్లు పోసే మామ ఊరుకోలేదు.

"ఏమప్పా, ఏడాది తీరిపాయ గదా. నువ్వు ఎత్తకుంటే వీళ్లు జట్టు ఇడిసిపెడ్తారంట."

"నా గొంతులో ఏముండాది మామా, సిమెంటు తప్ప," అన్నాడు అన్న. అయినా నా చేతిలోని చెక్కలు తీసుకున్నాడు.

ఎత్తింది రాముడు సీతను వెతుక్కునే పాట. వదినకు అదంటే ప్రాణం. చరణం సగంలో, సీత పేరు దగ్గర గొంతు పూడిపోయి ఒక వెక్కు వచ్చింది. ఎనిమిది మందీ అలవాటు కొద్దీ చరణం అక్కడికే విరిచి, అదే వెక్కు వెక్కి, ఠక్కున చెక్కలు కొట్టారు.

అన్న వాళ్లను ఎగాదిగా చూశాడు. "నేనేడిస్తే మీరూ ఏడుస్తారేందిరా?"

"నువ్వు ఏమిస్తే అది అందుకోమని నువ్వే నేర్పిస్తివి గదన్నా," అన్నాడు జట్టులో ఒకాయన, కాలు వెనక్కి లాక్కుంటూ.

ముందు మామ నవ్వాడు, తర్వాత అన్న. నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చాడు, ఏడాదిగా ఏడవని ఏడుపు. పంచె కొసతో ముక్కు తుడుచుకుని చరణం మొదటి నుంచి ఎత్తాడు. ఈసారి సీత పేరు దాటాడు. ఇంటికొచ్చి రెండు సంగటి ముద్దలు తిని, ఊరిబిండి పచ్చడిలో ఉప్పు తక్కువైందని నన్ను తిట్టాడు కూడా.

వదిన పోయి ఏడాది గడిచిందని మేమందరం అనుకున్నాం గానీ, అన్నకు ఆ ఏడాది ఆ సాయంత్రమే గడిచింది.