ఆదివారం సంతలో అరిసెలు

మా ఉక్కు ఫ్యాక్టరీ క్వార్టర్ల వెనక, ఖర్కాయి నది ఒడ్డుకు పోయే దారిలో ప్రతి ఆదివారం సంత జరుగుతుంది. పెళ్ళయి ఈ కదమాకు వచ్చిన కొత్తలో దాన్ని వంటింటి కిటికీలోంచి చూడడమే తప్ప ఎప్పుడూ వెళ్ళలేదు. ఇంట్లోకి కావలసినవి ఆయన బిష్టుపూర్ బజారు నుంచి సైకిలు మీద తెచ్చిపెట్టేవారు. పోయిన చలికాలం మాత్రం ఒక్క ఆదివారం కూడా మానలేదు. తోటకూర కోసమని అత్తయ్యతో చెప్పేదాన్ని. నిజానికి నేను చూడడానికి వెళ్ళింది పిల్లల కాళ్ళు.

మా పాపకు అప్పుడు పదిహేడో నెల. ఇంకా నడవడం లేదు. మంచం కోడు పట్టుకుని నిలబడుతుంది, చెయ్యి వదిలితే చతికిలబడుతుంది. ఆసుపత్రిలో డాక్టరు కాళ్ళు వంచి చూసి, ఏ లోపమూ లేదు, ఆగండి అన్నాడు. ఆగడం నాకు చేతకాదు. పాప పుట్టినప్పటి నుంచి ఒక నోటుబుక్కులో అన్నీ రాస్తున్నాను, కాలేజీలో ప్రాక్టికల్ రికార్డు రాసినట్టు గళ్ళు గీసుకుని మరీ. బోర్లా పడింది, కూర్చుంది, పన్ను వచ్చింది, అన్నీ నిండాయి. 'అడుగులు' అన్న గడి ఒక్కటే ఖాళీ. పాప నిద్రపోయాక ఆ పుస్తకం తీసి ఆ గడి వైపు చూస్తూ కూర్చోవడం నాకు అలవాటైపోయింది.

బోర్లా పడితే బొబ్బట్లు, కూర్చుంటే కుడుములు, అడుగేస్తే అరిసెలు. మొదటి రెండూ మా వరసలో అన్ని ఇళ్ళకూ పంచాం. అరిసెల దగ్గరే ఆగిపోయింది. పక్క క్వార్టరావిడ కొడుకు పాపకన్నా రెండు నెలలు చిన్నవాడు. వాడు నడుచుకుంటూ మా గుమ్మం దాకా వచ్చి తలుపు కొట్టి పోయేవాడు. వెనకే ఆవిడ వచ్చి, "అరిసెలెప్పుడు పెడతారండీ? ఎదురుచూసి ఎదురుచూసి నా పళ్ళూడిపోయేలా ఉన్నాయి" అని నవ్వేది. నేనూ నవ్వేదాన్ని.

సంతలో అమ్మేవాళ్ళు ఎక్కువమంది నది అవతలి ఊళ్ళ నుంచి తెల్లవారకముందే నడిచి వచ్చే ఆడవాళ్ళు. చాలామంది వీపున పసిపిల్లలు గుడ్డలో కట్టి ఉండేవాళ్ళు. దారికి రెండు వైపులా కూర్చుని, తెచ్చినదాన్ని ఆకుల మీద కుప్పలుగా పోసేవారు. కొత్త అటుకులు, వేలెడంత చేపలు, చింతపండు, పేరు తెలియని అడవి దుంపలు. ఒకామె దొప్పలో ఎర్రచీమలు అమ్ముతుంటే, దేనికని అడిగాను. పచ్చడికంది, పులుపు కోసం. చివర్లో ఒక కమ్మరి లారీ స్ప్రింగు పట్టీలు సాగగొట్టి చేసిన కొడవళ్ళు పరిచేవాడు. అతని పక్కన వెదురు బుట్టలామె అక్కడే కూర్చుని, కాలి బొటనవేలితో బద్ద తొక్కిపట్టి అల్లుతూ ఉండేది.

కూర బేరమాడుతూనే నేను అడిగేదాన్ని, మీ వాడు ఎప్పుడు నడిచాడని. నా హిందీ పుస్తకాల హిందీ. వాళ్ళు ముందు నవ్వి, తర్వాత చెప్పేవారు. ఒకామె, విప్పపూలు రాలే వేళకు నడిచాడంది. పుట్టిందెప్పుడని అడిగాను. "వాడి అన్న పాలపళ్ళు ఊడుతున్నప్పుడు" అంది. నేను వేళ్ళు మడిచి లెక్క వేద్దామని చూసి వదిలేశాను. ఇంకొకామె, వరి కోతలకు నిలబడ్డాడనీ తర్వాత తాను చూడలేదనీ చెప్పింది. చూడకపోవడమేమిటని అడిగితే, "కోతల్లో ఎవరు చూస్తారు దీదీ? ఒకరోజు చూస్తే గట్టు మీద ఉన్నాడు" అంది. నెలల్లో చెప్పినవాళ్ళు ఒక్కరూ లేరు. ఇంటికొచ్చి పుస్తకంలో రాసుకోవడానికి నాకు ఏమీ దొరికేది కాదు. అయినా మళ్ళీ ఆదివారం ఎప్పుడు వస్తుందా అని చూసేదాన్ని.

అత్తయ్య నా సంగతి కనిపెట్టేసింది. అత్తయ్యది శ్రీకాకుళం వైపు. మామగారు ఇనుము కరిగించే పనిలో చేరిన నాటి నుంచి ఈ ఊళ్ళోనే ఉన్నా మాట మాత్రం మారలేదు, హిందీ అబ్బలేదు.

"ఏటే పిల్లా, కూరకొచ్చినావా, గుంటల కాళ్ళు లెక్కెట్టడానికొచ్చినావా?" అంది ఒకసారి సంతలోనే. "నీ మొగుడు రెండేళ్ళు నిండినాక నడిసినాడు. ఇప్పుడు సైకిలు తొక్కుకుని డూటీకెల్తన్నాడు కాదేటి?"

ఆ మాట నాకు ఒక వారం ధైర్యమిచ్చింది.

ఆ తర్వాతి ఆదివారం బుట్టలామె ఎదురుగా ఒక కొత్త ముసలామె మట్టిపొయ్యి వెలిగించి మూకుడు పెట్టింది. నూనెలోంచి తీసి ఆకు మీద పేర్చినవాటిని చూసి నా కాళ్ళు ఆగిపోయాయి. అవి అరిసెలు. అదే గుండ్రం, అదే ఎరుపు, పైన నువ్వులు కూడా. ఏమిటివి అని అడిగితే "అర్సా" అంది.

నాకు ఒళ్ళు తెలియలేదు. ఇంతదూరంలో, మనవాళ్ళెవరూ నేర్పకుండా, మన వంట మన పేరుతోనే ఈమె చేతికెలా వచ్చింది? పాపను చంకనెత్తుకుని చూస్తుంటే మూకుడు దగ్గర భయమేసింది. బుట్టలామె, "పిల్లని ఇక్కడ దింపు దీదీ. ఎప్పుడు చూసినా ఎత్తుకునే ఉంటావు. దానికి నేల ఎక్కడుంది?" అంది. వెదురు ముళ్ళు గుచ్చుకుంటాయేమోనని ఆమె పరుచుకున్న చాప అంతా చేత్తో తడిమి, పాపను అక్కడ కూర్చోబెట్టి, నేను పొయ్యి దగ్గర గొంతుక్కూర్చున్నాను.

బియ్యం ఎంతసేపు నానాలి? ఒక రాత్రి, ఒక పగలు. మరలో ఆడిస్తారా? ముసలామె చేతులూపింది. ఢేంకీలో దంచాలట. పొడుగాటి దూలానికి రోకలి బిగించి, రెండో కొసను కాలితో తొక్కితే రోకలి లేచి పడుతుంది. తొక్కి చూపించడానికి లేచి నిలబడింది కూడా. పాకం చూసేదెలా? నీళ్ళలో ఒక చుక్క వేస్తే ఉండ కట్టాలి. మా అమ్మ చూసేదీ అలాగే. నూనె మాత్రం విప్పగింజలది. ఆ వాసన వేరు. ఆమె ఒకటి తుంచి నా చేతిలో పెట్టింది.

అడుగెయ్యని పిల్ల ఉన్న ఇంట్లో అరిసె ముట్టకూడదని అత్తయ్య నియమం. ముడితే అడుగు వెనక్కి పోతుందట. అత్తయ్య నాలుగు కుప్పల అవతల వంకాయలు ఏరుతోంది. నేను అటు ఒకసారి చూసి నోట్లో వేసుకున్నాను. మధ్యలో మెత్తగా, అంచున కరకరలాడుతూ ఉంది.

"ఏ దీదీ, నీ పిల్ల నడిచింది" అంది వెనక నుంచి బుట్టలామె.

తిరిగి చూసేసరికి పాప రెండో బుట్టల దొంతర దగ్గర కూర్చుని ఉంది. నేను దింపింది మొదటి దొంతర దగ్గర. పాకి వెళ్ళిందేమో అన్నాను. కాదంది. దొంతర పట్టుకుని లేచి, వదిలేసి, ఇటు నడిచిందట. ఎన్ని అడుగులు? "ఎన్నేమిటి? ఇక్కడి నుంచి ఇక్కడికి" అని బద్దతో చూపించింది. మళ్ళీ అల్లుకోసాగింది.

పదిహేడు నెలలు కళ్ళార్పకుండా కాపలా కాశాను. ఆ ఒక్క క్షణం నేను పాకం గురించి అడుగుతున్నాను. పాపను లేపి నిలబెట్టాను, చప్పట్లు కొట్టాను, ఎదురుగా కూర్చుని చేతులు చాచాను. పాప చతికిలబడి, బుట్టలోంచి ఊడిన బద్ద చీకుతోంది. ఈలోగా అత్తయ్య వచ్చింది. చెప్పాను. నాకు నమ్మకం లేదనీ చెప్పాను.

"అడుగు అడుగే. నువ్వు సూడనేదని అడుగు కాకుండా పోద్దేటి?" అంది అత్తయ్య. "ఏసిన నాడే అరిసిలు తొక్కించాల. మనం ఇప్పుడు బియ్యం నానెట్టి దంచీసరికి మంగళారం." ఆమె కళ్ళు మూకుడు మీద పడ్డాయి. "ఏటివి? అరిసిలే?"

అంతే. ఎనిమిది అర్సాలు తీసుకుంది. అడ్డాకు విస్తరి నేల మీద పరిచి, వాటిని పేర్చి, తన రుమాలు కప్పి, నా చేతుల్లోంచి పాపను తీసుకుని కాళ్ళు వాటి మీద ఆనించింది.

ముసలామె చేతిలో అట్లకాడ కింద పడింది. "ఏ మాయీ, ఖానే కా చీజ్ హై! ఉస్ పర్ పైర్?"

చుట్టుపక్కలవాళ్ళు మెడలు చాచారు. తినే వస్తువు కాళ్ళ కింద వేస్తారా, ఇందుకని తెలిస్తే ఇచ్చేదాన్నే కాదు, తిరిగి ఇచ్చెయ్యమని ముసలామె చెయ్యి చాచింది. మా ఇళ్ళలో ఎవరూ అడగని ప్రశ్న అది. నాకెప్పుడూ తట్టలేదు కూడా. మా ఆచారం అని నా హిందీలో మొదలుపెట్టి, ఆచారానికి కారణమేమిటో తెలియక ఆగిపోయాను.

"ఏటంటాది?" అంది అత్తయ్య.

చెప్పాను. ఆమె బియ్యం కాలితో తొక్కి దంచుతుందన్న సంగతి కూడా, ఎందుకో, చెప్పేశాను.

అత్తయ్యకు అది చాలు. "కాలితో తొక్కి దంచీసి, మా గుంట పాదం తగిల్తే తప్పేటని అడుగు."

నేను మెత్తగా మార్చి అడిగాను. "నా కాలు దూలానికి తగుల్తుంది, బియ్యానికి కాదు" అంది ముసలామె.

"మా గుంట కాలూ రుమాలుకే తగిలింది" అంది అత్తయ్య.

కమ్మరి పకపకా నవ్వాడు. ముసలామె నవ్వలేదు. తొక్కినవి ఏం చేస్తారని అడిగింది. అందరికీ పంచుతామన్నాను. "మీరూ తింటారా?" అంది. అత్తయ్యకు ఆ మాట నేను చెప్పకుండానే అర్థమైంది. వంగి రుమాలు కింద చెయ్యి పెట్టి ఒకటి లాగి, తుంచి నోట్లో వేసుకుని, మిగతా సగం ముసలామె ముందుకు చాపింది. వంగే ముందే పాపను నా చేతికిచ్చింది. నేను చంకల కింద పట్టుకుని, విస్తరి మీదే నిలబెట్టి ఉంచాను.

ఒకటి లాగేసరికి మిగిలినవి పాప పాదాల కింద కదిలి చిట్లాయి. రుమాలు నూనెకు తడిసి అరికాళ్ళకు అంటుకుంది. పాప కిందికి చూసుకుంది, మొహం చిట్లించింది, నా చేతుల్ని విదిలించుకుంది. ఒక కాలు ఎత్తి నేల మీద పెట్టింది. రెండోది ఎత్తింది. బుట్టల వైపు ఒకటి, రెండు, మూడు. అక్కడ దొంతర పట్టుకుని ఆగి, జిడ్డు కాలు చాపకు రుద్దుకుంది.

బుట్టలామె, "నేను చెప్పలేదా" అన్నట్టు నా వైపు చూసింది.

"నా అర్సా మీద నిలబడదట" అంది ముసలామె. అప్పుడు నవ్వింది. అత్తయ్య చేతిలో సగం తీసుకుంది కానీ తినలేదు, కొంగున ముడి వేసుకుంది. ఇంట్లో మనవరాలుందట, దానికీ ఇంకా కాళ్ళు రాలేదట.

మిగతా ఏడూ ముక్కలు చేసి అత్తయ్య ఆ వరసంతా పంచింది. చీమలామెకు, కమ్మరికి, బుట్టలామె వీపున నిద్రపోతున్న పిల్లాడి గుప్పిట్లోకి కూడా. పక్క క్వార్టరావిడకు ఒక్క ముక్క మిగిల్చి తెచ్చాం. "అరిసెల్లా లేవే, ఏం నూనె?" అందావిడ. తినడం మాత్రం పూర్తిగా తినేసింది.

దారిలో అత్తయ్యను అడిగాను, ఆయన నిజంగా రెండేళ్ళకు నడిచారా అని.

"నాకేటి గుర్తు? నలుగుర్ని కన్నాను. ఎవుడెప్పుడు నడిసినాడో రాసుకున్నానేటి నీలాగ?"

ఆ గడిలో ఏం రాయాలో చాలాసేపు తేలలేదు. చివరికి ఇలా రాశాను: 'బుట్టల దొంతర నుంచి బుట్టల దొంతర దాకా. చూసినది బుట్టలామె.' దాని కింద చోటు చాలక అంచులో రాశాను: 'అరిసెల ఆకు నుంచి మూడు. చూసినది నేను.'