మంగళవారం హామ్ శాండ్‌విచ్‌లు

పొద్దుటి నడకలో తోడొచ్చే పన్నెండు మందినీ ఈ సాయంత్రం సోనారిలోని మా ఇంటికి టిఫినుకు పిలిచాను. ఏం టిఫినో చెప్పలేదు. ఇరవై నాలుగు బన్నులు కోసి, వెన్నలో ఆవపిండి కలిపి పూసి, హామ్, చీజ్ పెట్టి, ఫాయిల్ కప్పి ఓవెన్‌లో వేడి చేశాను. (పంది మాంసమా అని మొహం చిట్లించకండి. రైల్వేలో ఉన్నప్పుడు ఒక గార్డుగారి భార్య నేర్పిన వంట ఇది, ఆవిడ చేస్తే సగం ప్లాట్‌ఫారం ఘుమఘుమలాడేది.) ఫాయిల్ తీయగానే అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఏటన్నా, ఇయాల మంగల్‌వార్ కదేటి! ఆంజనేయసామి రోజున నీసు ఎవలు ముడతారు? వారం కూడా సూసుకోవేటి?" అన్నాడు అప్పలస్వామి.

"రిటైరయ్యాక నాకు అన్నీ ఆదివారాలేరా," అన్నాను. అందరూ నవ్వారు.

పాపం, మంచివాళ్లు. "కల్ ఖాయేంగే" అంటూ రేపటికని తలా రెండు పొట్లం కట్టుకుని, టీ తాగి, ఏడు కాకముందే వెళ్లిపోయారు. ఒక్కటీ మిగల్లేదు. కానీ నేనంత శ్రమపడింది, తింటూ కాసేపు కూర్చుంటారని.

రేపు బుధవారమేనని ఫోన్‌లో చూసి రూఢి చేసుకున్నాను. హామ్ ఇంకా ఉంది. ఎవరైనా వస్తారా? పొట్లాలు మాత్రం కట్టివ్వను.